ఆకాశవీధి – కొత్త అమావాస్య పందెం

గత సంచికలో శనిగ్రహ వలయాలను గురించి ముచ్చటించుకున్నాము. అది చదివిన మిత్రులు కొందరు క్యాంటీనులో తారసపడినప్పుడు ఇంచుమించు ఒకే ప్రశ్న వేశారు. గ్రహాలు సరే, చంద్రుడు సరే. వాటికి ఆవల ఉన్న నీహారికలు, నక్షత్ర గుచ్ఛాలు, ఇతర గెలాక్సీలు మన సూరత్ నుండి, మధ్యతరగతి ఉద్యోగి కొనగలిగిన బైనాక్యులరుతోనో, చిన్న టెలిస్కోపుతోనో కనిపిస్తాయా? కనిపిస్తాయి. అయితే వాటిని చూడడం శనిని చూసినట్లు కాదు. శని తనంతట తానే కంటికి తగులుతుంది. వీటిని వెదకి పట్టుకోవాలి. అందుచేతనే ప్రపంచమంతటా ఔత్సాహిక పరిశీలకులు దీనిని ఒక పందెంగా, ఒకవిధమైన ఆటల పోటీగా మలచుకున్నారు. ఈ మాసం శీర్షికను ఆ పందేనికే వినియోగిస్తున్నాను.

ముందుగా మనం నివసిస్తున్న ఊరిని గురించి ఒక మాట. సూరత్ అనగానే వజ్రాల సాన, జరీ, మరమగ్గాలు స్ఫురిస్తాయి గాని నక్షత్రాలు స్ఫురించవు. అయినప్పటికీ మన దేశంలో టెలిస్కోపుతో ఆకాశాన్ని పరిశీలించినట్లు మనకు తెలిసిన మొట్టమొదటి సందర్భం ఈ ఊళ్ళోనే జరిగింది. జెరెమీ షేకర్లీ అనే ఆంగ్ల యువకుడు 1651లో ఇక్కడ ఉన్నాడు. బుధగ్రహం సూర్యబింబం మీదుగా ఒక చిన్న నల్లని చుక్కవలె దాటిపోవడం ఆ సంవత్సరం నవంబరు 3వ తేదీన జరుగుతుందనీ, అది ఇంగ్లండులో కనిపించదనీ, ఈ ప్రాంతంలో కనిపిస్తుందనీ అతడు ముందుగానే లెక్క కట్టాడు, సూరత్‌లో చూశాడు. 1631లో పారిస్‌లో గసెండీ చూసిన తరువాత బుధ సంక్రమణాన్ని చూసినట్లు చరిత్రకెక్కిన రెండవ సందర్భమిది. మరుసటి సంవత్సరం ఒక తోకచుక్కను కూడ ఇక్కడి నుండే గమనించాడు. ఆ పరిశీలనల వలన శాస్త్ర గణనలకు పెద్దగా ప్రయోజనం చేకూరలేదని చరిత్రకారులు అంటారు. అది నిజమే కావచ్చు. కాని అప్పటికి గెలీలియో టెలిస్కోపును ఆకాశం వైపు తిప్పి నలభై రెండేళ్ళే అయినది. తాపీ నది ఒడ్డున, ఓడల సందడి మధ్య, కొలువు పనుల నడుమ ఒక మనిషి సూర్యబింబం మీది చుక్క కోసం ఎదురుచూసినాడన్న సంగతి మన ఊరివారికి తెలియకపోవడం నాకు కొంచెం వెలితిగానే తోస్తుంది.

ఇక పందెం సంగతి. చార్లెస్ మెస్సియే 1730లో జన్మించిన ఫ్రెంచి ఖగోళ పరిశీలకుడు. ఆయనకు తోకచుక్కల పిచ్చి. తోకచుక్క దూరాన ఉన్నప్పుడు ఒక మసక మచ్చవలె కనిపిస్తుంది. ఆకాశంలో అటువంటి మసక మచ్చలు కదలకుండా ఎల్లకాలం ఉండేవి చాలా ఉన్నాయి. వాటిని చూసి తోకచుక్కలని భ్రమపడకుండా ఉండడానికి ఆయన ఒక జాబితా తయారుచేసుకున్నాడు. 1774లో 45 వస్తువులతో తొలి జాబితా వెలువడింది. చివరికి అది 103కు పెరిగింది. ఆయన, ఆయన మిత్రుడు చూసిన మరికొన్నింటిని తరువాతి వారు చేర్చగా నేడు 110 అయినది. చిత్రమేమంటే, ఆయన ప్రాణం పెట్టి వెదకిన తోకచుక్కలను నేడు నిపుణులు తప్ప ఎవరూ తలచుకోరు. చూడనవసరం లేదని పక్కన పెట్టిన చెత్త జాబితాయే ఆయన పేరును నిలిపింది. ఆ జాబితాలో గెలాక్సీలున్నాయి, నక్షత్రాలు పుట్టే వాయుమేఘాలున్నాయి, పేలిపోయిన నక్షత్రపు శేషం కూడ ఉన్నది.

1970ల నాటికి అమెరికాలోని ఔత్సాహికులు కొందరు, వారిలో తరువాతి కాలంలో తోకచుక్కల అన్వేషకుడిగా పేరుపొందిన డాన్ మాక్‌హోల్జ్ ఒకరు, ఒక విషయాన్ని గమనించారు. మార్చి నెలాఖరు ప్రాంతంలో సూర్యుడు ఆకాశంలో ఉండే చోట మెస్సియే వస్తువులు దాదాపు లేవు. కాబట్టి ఆ రోజుల్లో అమావాస్య రాత్రి పూర్తిగా మేలుకొని, సాయంసంధ్య మొదలు ప్రాతఃసంధ్య వరకు ఒకదాని వెంట ఒకటిగా చూసుకుంటూపోతే మొత్తం 110 వస్తువులనూ ఒకే రాత్రిలో పూర్తిచేయవచ్చు. దీనికి మెస్సియే మారథాన్ అని పేరు. 1985 మార్చి 23, 24 తేదీల నడిమి రాత్రి ఆరిజోనా రాష్ట్రంలో జెర్రీ రాట్లీ అనే పరిశీలకుడు 110నీ చూసి పందెం గెలిచాడు.

తెలుగువారికి ఈ అమావాస్యను వేరే గుర్తుపెట్టుకోనవసరం లేదు. అది ఉగాదికి ముందు వచ్చే అమావాస్యయే. ఉత్తరాంధ్రలో దీనిని కొత్త అమావాస్య అంటారు. అనకాపల్లి నూకాంబిక జాతర ఆనాడే ఆరంభమవుతుంది. ఉగాది ఏప్రిల్ రెండవ వారంలో వచ్చే సంవత్సరాలలో మాత్రం సాయంకాలపు మొదటి రెండు మూడు వస్తువులు సంధ్యాకాంతిలో మునిగిపోతాయి, పందెం పూర్తికాదు. మార్చి ఆఖరి వారంలో వస్తే మన పంట పండినట్లే. రాత్రంతా మేలుకొని, తెల్లవారగానే తలంటి పోసుకొని, వేపపువ్వు పచ్చడి తిని పడుకోవలసి ఉంటుంది. ఇంట్లో పెద్దవారు పండుగపూట పగటినిద్రకు అభ్యంతరం చెప్పవచ్చు. అది ఎవరికి వారు పరిష్కరించుకోవలసిన సమస్య.

మన ఊరికి ఈ పందెంలో ఒక సౌలభ్యం ఉన్నది. సూరత్ ఇంచుమించు 21 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్నది. ఇక్కడ సూర్యాస్తమయం తరువాత పూర్తి చీకటి పడడానికి గంటా పావు చాలు. పారిస్‌లో అదే మార్చి నెలలో దాదాపు రెండు గంటలు పడుతుంది. పైగా దక్షిణాకాశం మనకు ఎంతో ఎత్తుకు లేస్తుంది. మెస్సియే జాబితాలో అన్నింటికంటె దక్షిణాన ఉన్నది ఏడవ వస్తువు, వృశ్చికం తోక చివర, మన మూలా నక్షత్రానికి దగ్గరగా ఉన్న నక్షత్ర గుచ్ఛం. పారిస్‌లో అది క్షితిజానికి ఆరు డిగ్రీల పైన మాత్రమే పాకుతుంది. సూరత్‌లో 34 డిగ్రీల ఎత్తుకు వస్తుంది. మెస్సియే ఎంతో శ్రమపడి చూసినదానిని మనం మేడమీద కుర్చీలో వాలి చూడవచ్చును.

మెస్సియే అసలు చూడలేకపోయినవి కూడ మనకున్నాయి. వాటిలో నా మనసుకు అత్యంత ప్రీతిపాత్రమైనది ఒమేగా సెంటారీ. దీనిని టోలెమీ కాలం నుండి ఒక నక్షత్రంగానే లెక్కించారు. 1603లో బయర్ నక్షత్రానికి ఇచ్చినట్లే గ్రీకు అక్షరం ఇచ్చాడు. 1677లో సెయింట్ హెలీనా ద్వీపం నుండి ఎడ్మండ్ హేలీ చూసి ఇది నక్షత్రం కాదు, మసక మచ్చ అని తెలిపాడు. నిజానికి అది సుమారు కోటి నక్షత్రాలు బంతివలె ముద్దకట్టిన గోళాకార గుచ్ఛం. దూరం 17,000 కాంతి సంవత్సరాలు. పారిస్‌లో గాని, లండనులో గాని ఇది ఎన్నడూ ఉదయించదు. సూరత్‌లో దక్షిణ దిక్కున 21 డిగ్రీల ఎత్తుకు వస్తుంది.

దీనిని కనుగొనడానికి పటం కూడ అవసరం లేదు. చిత్రా నక్షత్రం దక్షిణోత్తర రేఖ మీదికి వచ్చినప్పుడు, అనగా మే నెల మధ్యలో రాత్రి పది గంటల ప్రాంతంలో, దాని నుండి నిట్టనిలువుగా క్రిందికి రండి. చేయి చాచి పిడికిలి బిగిస్తే అది సుమారు పది డిగ్రీలు. మూడున్నర పిడికిళ్ళ క్రింద, దిగంతానికి రెండు పిడికిళ్ళ పైన, బైనాక్యులరులో ఒక గుండ్రని పత్తి ఉండవలె కనిపిస్తుంది. పున్నమినాడు చంద్రుడు చిత్ర దగ్గర ఉండే మాసమే చైత్రమని మనకు తెలుసు. ఆ చిత్ర క్రింద ఇంత నిధి ఉన్నదని పంచాంగం చెప్పదు.

నక్షత్రాల పేర్లు వచ్చిన మన ఇంటి పెద్దలకు ఈ విద్య సగం వచ్చినట్లే. పుష్యమి పక్కనే మెస్సియే 44 అనే గుచ్ఛం ఉన్నది, చీకటి ఉంటే వట్టి కంటికే పొగచుక్కవలె కనిపిస్తుంది. జ్యేష్ఠకు పడమరగా, బైనాక్యులరులో అదే దృశ్యవలయంలో, మెస్సియే 4. పుబ్బ నక్షత్రాలలో దక్షిణాన ఉన్నదాని క్రింద 65, 66 సంఖ్యల గెలాక్సీల జంట, చిన్న టెలిస్కోపు కావాలి. ఉత్తరకు తూర్పున కన్యారాశి గెలాక్సీల గుంపు. 2019లో ప్రపంచమంతా పత్రికలలో చూసిన కృష్ణబిలపు ఛాయాచిత్రం ఆ గుంపులోని మెస్సియే 87 నడిబొడ్డున ఉన్నదానిదే. ఐదున్నర కోట్ల కాంతి సంవత్సరాల దూరాన ఉన్న ఆ గెలాక్సీ, మంచి చీకటిలో 50 మిల్లీమీటర్ల బైనాక్యులరుకు కూడ అందుతుంది. మృగశిర క్రింద, పల్లెవారు గొల్లకావడి అనే మూడు చుక్కలకు దిగువన, మెస్సియే 42 నీహారిక. ఇది మాత్రం సూరత్ నడిబొడ్డు నుండి కూడ కనిపిస్తుంది. క్రొత్తవారు దీనితోనే ప్రారంభించాలి.

గొల్లకావడి అనగా ఒక సంగతి గుర్తుకు వచ్చినది. లింబాయత్, ఉధనా ప్రాంతాలలో తెలంగాణ జిల్లాల నుండి నేతపనికి వచ్చి స్థిరపడిన మన పద్మశాలి కుటుంబాలు అనేకం ఉన్నాయన్నది మీకు తెలిసినదే. అక్కడ నాకు తెలిసిన ఒక కుటుంబంలో డెబ్బై దాటిన పెద్దాయన ఉన్నాడు. చిన్నతనంలో ఊళ్ళో గడియారం లేకుండా గొల్లకావడి ఎత్తును బట్టి మగ్గం ఎక్కే వేళ తెలుసుకునేవారట. ఒకనాడు నక్షత్రాల మాట వచ్చి, కృత్తికలు ఎన్ని కనిపిస్తున్నాయని అడిగాను. ఆయన ముఖం చిన్నబోయింది. వెనుక ఆరు కనిపించేవనీ, ఇప్పుడు రెండో మూడో తప్ప కానరావనీ, కంటి ఆపరేషను చేయించినా లాభం లేకపోయిందనీ చెప్పాడు. ఆయన బాధ నక్షత్రాల గురించి కాదు. మగ్గం మీద తెగిన పోగును వట్టి కంటితో అతికిన మనిషి, తన చూపు పోయిందన్న దిగులు.

సంక్రాంతి వెళ్ళిన తరువాతి అమావాస్యకు నేను, ఆయన కుమారుడు కలిసి ఆయనను దండి సముద్రతీరానికి తీసుకొనిపోయినాము. అరగంట సేపు ఏ దీపం వైపూ చూడవద్దని చెప్పి, నెత్తిమీది కృత్తికలను చూపించాను. ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత వ్రేళ్ళు మడుస్తూ లెక్కపెట్టినాడు.

“ఆరున్నయి సారూ. నా కండ్లు మంచిగనే ఉన్నయి.”

పోయినది ఆయన చూపు కాదు. మన ఊరి మీది చీకటి. ఇది ఒక్క సూరత్ సంగతి కాదు. 2011 నుండి 2022 వరకు ప్రపంచవ్యాప్తంగా సామాన్య ప్రజలు తమకు కనిపించిన నక్షత్రాలను నమోదు చేయగా, ఆ లెక్కలను క్రోడీకరించి 2023లో ‘సైన్స్’ పత్రికలో ప్రచురించారు. రాత్రి ఆకాశపు వెలుగు సంవత్సరానికి సగటున 9.6 శాతం చొప్పున పెరుగుతున్నదని తేలింది. చక్రవడ్డీ లెక్క తెలిసినవారు వేసుకోండి: ఎనిమిదేళ్ళ లోపే రెట్టింపు.

ఇక్కడ ఒక సాంకేతిక విషయం చెప్పుకోవాలి. పెద్ద టెలిస్కోపు కొంటే నగరపు వెలుగును జయించవచ్చునని చాలామంది అనుకుంటారు. నక్షత్రాల విషయంలో ఇది కొంతవరకు నిజం. నక్షత్రం బిందువు కాబట్టి కటకం పెద్దదయిన కొద్దీ కాంతివంతమవుతుంది. గెలాక్సీ, నీహారిక బిందువులు కావు, పరచుకొని ఉన్న మచ్చలు. కటకం మచ్చ వెలుగును ఎంత పోగుచేస్తుందో, దాని వెనుక ఉన్న ఆకాశపు వెలుగును కూడ అంతే పోగుచేస్తుంది. మన ఇన్‌స్ట్రుమెంటేషన్ మిత్రులకు ఇది కొత్త కాదు: సిగ్నలుతో పాటు నాయిస్‌ను కూడ ఆంప్లిఫై చేస్తే ప్రయోజనమేమి? అందుచేత లక్ష రూపాయల టెలిస్కోపును కాలనీ మేడమీద పెట్టుకున్నవాని కంటె, కొద్ది వేల రూపాయల బైనాక్యులరుతో వంద కిలోమీటర్లు ప్రయాణం చేసినవాడు ఎక్కువ గెలాక్సీలను చూస్తాడు. డబ్బు ఉంటే ముందు పెట్రోలుకు ఖర్చుపెట్టండి.

ఎక్కడికి పోవాలి? డుమస్ దగ్గరే గాని, ఒక వైపు నగరం, విమానాశ్రయం, నదీముఖానికి ఆవల హజీరా కర్మాగారాల వెలుగు. దక్షిణాకాశం కోసం నవసారి జిల్లా తీరం, అనగా ఉభ్రాట్, దండి మెరుగు. 1930 ఏప్రిల్‌లో గాంధీజీ ఉప్పు తీసిన దండి ఇదే. అక్కడ చీకటి ఉన్నది గాని తేమ ఉన్నది; అర్ధరాత్రి దాటేసరికి కటకాల మీద మంచు పడుతుంది. పొడిగాలి కావాలంటే తూర్పున ఉకాయ్ జలాశయం వైపు సుమారు వంద కిలోమీటర్లు, ఇంకా పైకి డాంగ్ అడవులలో సాపుతారా. పూర్తి మారథాన్‌కు సాపుతారాను మించినది ఈ చుట్టుపక్కల లేదని నా అభిప్రాయం. జూన్ మధ్య నుండి సెప్టెంబరు చివరి వరకు వర్షాల వలన అందరికీ సెలవే.

బైనాక్యులరు కొనేవారు పెట్టె మీద ముద్రించిన రెండు సంఖ్యలను చూడాలి. 10×50 అంటే పది రెట్ల వృద్ధి, 50 మిల్లీమీటర్ల కటకం. రెండవ దానిని మొదటి దానితో భాగిస్తే వచ్చే ఐదు మిల్లీమీటర్లు కంటిలోకి వచ్చే కాంతిపుంజపు వ్యాసం. యువకుల కనుపాప చీకటిలో ఏడు మిల్లీమీటర్ల వరకు విప్పారుతుంది. ఏభై దాటినవారికి సాధారణంగా ఐదు దగ్గర ఆగిపోతుంది. కాబట్టి నావంటివారు 7×50 కొంటే వచ్చే కాంతిలో దాదాపు సగం కనుపాప బయటనే పడుతుంది. పిల్లలకు ఏదైనా ఫరవాలేదు. చేతులు వణుకుతాయి గనుక వాలుకుర్చీలో పడుకొని మోచేతులు ఆనించుకోవాలి. తోలు సంచిలో దాచవద్దు. తోలు తేమను పట్టి ఉంచుతుంది, ఈ సముద్రపు గాలికి ఒక వర్షాకాలంలోనే ప్రిజముల మీద బూజు అల్లుకుంటుంది. గాలి చొరబడని డబ్బాలో సిలికాజెల్ వేసి దాచండి, రంగు మారినప్పుడు దానిని వేడిచేసి మళ్ళీ వాడవచ్చు.

కంటికి కూడ శిక్షణ కావాలి. చీకటికి అలవాటు పడడానికి ఇరవై నుండి ముప్పై నిమిషాలు పడుతుంది. ఒక్కసారి మొబైలు ఫోను తెరచూస్తే మళ్ళీ మొదటికి వస్తుంది. టార్చికి ఎర్ర కాగితం చుట్టండి. ఉత్తరాయణ్ వెళ్ళిన తరువాత ఈ ఊళ్ళో గాలిపటాల కాగితానికి కొదవ లేదు. మసక వస్తువును సూటిగా చూడక, కొంచెం పక్కకు చూడాలి. కంటిపొర మధ్యభాగం రంగులకు, సూక్ష్మ వివరాలకు ఏర్పడినది. తక్కువ వెలుగును పసిగట్టే కణాలు దాని చుట్టూ ఉన్నాయి. సూటిగా చూస్తే మాయమై, పక్కకు చూస్తే మెల్లగా తేలివచ్చే ఆ మచ్చను చూసినప్పుడు పిల్లలు కేకవేస్తారు. దోమల సంగతి నేను చెప్పనక్కరలేదు, ఓడోమాస్ తప్పనిసరి. రాసుకున్న చేతులతో కటకాలను మాత్రం తాకవద్దు.

పందేనికి ఒక నియమమున్నది, అదే అన్నింటికంటె కష్టమైనది. చూసినదానినే వ్రాయాలి. నేడు ప్రతి ఒక్కరూ హబుల్, జేమ్స్ వెబ్ టెలిస్కోపుల రంగుల చిత్రాలు చూసి ఉన్నారు. ఒక మిత్రుని కుమార్తెకు ఆండ్రోమెడా గెలాక్సీని చూపించితే “ఇంతేనా అంకుల్?” అన్నది. ఆ మాట నాకు ఎంతో నచ్చినది. ఆమె చూసినది ఒక బూడిదరంగు పొడవాటి మరక, చూసినదే చెప్పినది. పెద్దవారిలో అనేకులు పుస్తకంలోని బొమ్మను కటకంలో చూస్తారు. మెస్సియే 51 సర్పిలాకారాన్ని 1845లో లార్డ్ రాస్ కనిపెట్టడానికి ఆరడుగుల వ్యాసం గల అద్దం కావలసివచ్చినది; నగరంలో నాలుగంగుళాల దుర్భిణితో అది కనిపించినదని వ్రాసేవారు ఉన్నారు. కంట్రోల్‌రూము లాగ్‌బుక్కులో గేజి చూపే అంకెను వ్రాస్తాము గాని చూపవలసిన అంకెను వ్రాయము గదా. ఇక్కడ తప్పు వ్రాస్తే ప్లాంటుకు ప్రమాదం లేదు, అడిగేవాడు లేడు, పట్టుకునేవాడు లేడు. అందుకే అది పరీక్ష. వెదకి కనిపించనప్పుడు “కనబడలేదు” అని వ్రాసిన పుట కూడ పుటయే. బొమ్మ గీయదలచినవారు ఛాయాచిత్రం చూడకముందే గీయాలి.

ఈ ఓపిక తెలుగు దేశంలో లేనిది కాదు. విశాఖపట్టణంలో గోడే వెంకట జగ్గారావు గారు మద్రాసు వేధశాలలో టేలర్ వద్ద నేర్చుకొని, 1840లో స్వంత ఖర్చుతో వేధశాల నెలకొల్పారు. 1856లో ఆయన గతించిన పిమ్మట అల్లుడు అంకితం వెంకట నరసింగరావు గారు డిప్యూటీ కలెక్టరు ఉద్యోగం చేస్తూ దానిని పోషించి, కొద్ది సంవత్సరాలకు ఉద్యోగమే వదలుకున్నారు. 1868 ఆగస్టు 18 నాటి సంపూర్ణ సూర్యగ్రహణం, అదే ఏడు నవంబరులో బుధ సంక్రమణం, 1874 డిసెంబరులో శుక్ర సంక్రమణం ఆయన పరిశీలించి లండనుకు పంపగా రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ పత్రికలో వచ్చాయి. ఆయన దృష్టి సూర్యుడు, గ్రహాల మీదనే గాని నీహారికల మీద కాదు. ఆ లోటు హైదరాబాదు తీర్చినది. 1901లో నవాబు జఫర్‌జంగ్ ఆరంభించిన నిజామియా వేధశాలను 1908లో ప్రభుత్వం స్వీకరించిన తరువాత, ఆకాశమంతటినీ ఫోటో తీసే అంతర్జాతీయ పథకంలో దక్షిణ క్రాంతి 17 నుండి 23 డిగ్రీల వరకు గల పట్టీ హైదరాబాదు వంతుకు వచ్చినది. ఏడున్నర లక్షలకు పైగా నక్షత్రాల స్థానాలను అక్కడివారు చేతితో కొలిచారు. ఆ వేధశాల ఉద్యోగి కుమారుడైన వేణు బప్పు, విద్యార్థి దశలోనే హైదరాబాదు ఆకాశంలోని చరనక్షత్రాలను పరిశీలిస్తూ పెరిగి, 1949లో అమెరికాలో ఒక తోకచుక్కను కనుగొన్నాడు. బేగంపేట ఆకాశం వెలుగులో మునిగినందున 48 అంగుళాల టెలిస్కోపును 1968లో జపాల్–రంగాపూర్ గ్రామాల మధ్య నెలకొల్పారు; హైదరాబాదు వెలుగు అక్కడికీ వెంటబడినది.

వెంటబడే ఈ వెలుగు విషయంలో మనం చేతులు ముడుచుకొని కూర్చోనవసరం లేదు. దీపాలు బిగించేది మనమే గదా. పార్కులలో గుండ్రని గ్లోబు దీపం వేసినప్పుడు దాని వెలుగులో సగానికి సగం ఆకాశానికి పోతుంది. దానికి కరెంటు బిల్లు మనం కడుతున్నాము. వీధిదీపం అద్దం నేలకు సమాంతరంగా, పైన మూత ఉండేటట్లు బిగిస్తే అదే వెలుగు సగం వాటేజితో రోడ్డు మీద పడుతుంది, నడిచేవారి కంట్లో పొడవదు కూడ. సోడియం దీపాలను మార్చి ఎల్.ఇ.డి.లు పెట్టడం విద్యుత్తు పొదుపుకు మంచిదే. కాని వాటిలోని నీలి వెలుగు పసుపు వెలుగు కంటె గాలిలో సుమారు మూడు రెట్లు ఎక్కువగా చెదురుతుంది. తరంగదైర్ఘ్యపు నాలుగవ ఘాతానికి విలోమానుపాతమన్న రాలే సూత్రం మనమంతా చదివినదే. కాలనీలో దీపాలు మార్చే ప్రతిపాదన వచ్చినప్పుడు 3000 కెల్విన్‌లకు మించని వెచ్చని రంగు దీపాలు కోరండని ఎలక్ట్రికల్ విభాగపు మిత్రులకు మనవి చేస్తున్నాను. కర్మాగారంలో భద్రత కోసం ఉండవలసిన దీపం ఉండవలసిందే, దానిమీద ఎవరికీ వివాదం లేదు. నేను అడిగేది పైకిపోయే వెలుగును గురించి మాత్రమే. లడఖ్‌లోని హాన్లే చుట్టూ 2022లో చీకటి ఆకాశపు రక్షిత ప్రాంతం ఏర్పాటు చేసినప్పుడు అక్కడి గ్రామస్థులు చేసినదీ ఇంతకంటె ఎక్కువ కాదు: దీపాలకు మూతలు, కిటికీలకు దట్టమైన తెరలు.

రాబోయే కొత్త అమావాస్యకు 110 లక్ష్యంగా పెట్టుకోవద్దు. అర్ధరాత్రిలోపు ఇరవై చాలు. కృత్తికలతో మొదలుపెట్టి, గొల్లకావడి క్రింది నీహారిక, లుబ్ధకం క్రింద మెస్సియే 41, పుష్యమి పక్కది, ఉత్తరాన సప్తర్షుల దాపున 81, 82 గెలాక్సీల జంట, ఆపైన కన్యారాశి. పిల్లలు అప్పటికి నిద్రపోతారు. మేలుకొని ఉన్నవారు ఒంటి గంట ప్రాంతంలో చిత్ర క్రిందికి చూడడం మరువవద్దు, ఒమేగా సెంటారీ అప్పటికి బాగా పైకి వచ్చి ఉంటుంది. రెండవ షిఫ్టు దిగి నేరుగా రాదలచినవారు బస్సులో కళ్ళు మూసుకొని కూర్చుంటే చీకటికి అలవాటయ్యే సమయం కొంత కలిసివస్తుంది. నోటుపుస్తకం, పెన్సిలు తెచ్చుకోండి. పెన్ను వద్దు, మంచుకు సిరా పాకుతుంది.